పదకొండు రంగుల దారం

రహమతుల్లా మంచివాడే. కాకపోతే తన తీగల జోలికొస్తే మాత్రం మంచివాడు కాదు. ఆటోనగర్‌లో ఆ పార్శిల్ సర్వీసు ఆఫీసులో అటెండరు మొదలుకొని ఓనరు వెంకటకృష్ణారావు గారి దాకా అందరికీ ఆ సంగతి తెలుసు. పదకొండేళ్ళుగా ఆ ఆఫీసులో నెట్‌వర్కు అంటే రహమతుల్లాయే. ఏ తీగ ఏ గోడ వెనక నుంచి పోయి ఏ బల్ల కింద తేలుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు, అది వేరే విషయం.

మేడ మీద సర్వర్ గదిలో పదకొండు సర్వర్లు ఉండేవి. బుకింగుకి ఒకటి, గోడౌనుకి ఒకటి, అకౌంట్స్‌కి ఒకటి, లారీల రాకపోకలకి ఒకటి, కాటాకి ఒకటి, ఇలా ఎవరిది వాళ్ళకే. ఒక్కోదాని వెనక నుంచి ఒక్కో తీగ బయల్దేరి గోడకి బిగించిన పెద్ద స్విచ్చిలో, అంటే మిషన్లన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపే డబ్బాలో, దిగేది. తీగలన్నీ ఒకే బూడిద రంగు. అందుకని రహమతుల్లా వాటికి దారాలు కట్టాడు. అతని భార్య వజీరా పంజా సెంటర్లో ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కుట్టగా మిగిలిన దారం ఈయన జేబులోకి వచ్చేది. బుకింగ్ తీగకి ఎరుపు, అకౌంట్స్‌కి ఆకుపచ్చ, గోడౌనుకి పసుపు, కాటాకి నీలం. ఏదైనా డిపార్ట్‌మెంటు వాళ్ళు "మాది పనిచెయ్యట్లేదు" అని ఫోన్ చేస్తే, ఆ రంగు పట్టుకుని నిమిషంలో లెక్క తేల్చేవాడు.

ఆ డిపార్ట్‌మెంట్ల వాళ్ళకీ తమ మిషన్ల మీద మమకారం అలాంటిదే. అకౌంట్స్ చూసే రాజ్యలక్ష్మి గారైతే ప్రతి శుక్రవారం ఆయాసపడుతూ మేడెక్కి వచ్చి, తన సర్వరుకి కుంకుమ బొట్టు పెట్టి, తల్లోంచి నాలుగు మల్లెపూలు తీసి దాని నెత్తిన పెట్టి వెళ్ళేవారు. గోడౌన్ వాళ్ళ మిషన్ మాటిమాటికీ ఆగిపోతుంటే, "మీరు దాన్ని సరిగ్గా చూసుకోరు, అందుకే" అని వాళ్ళని దెప్పేవారు కూడా.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో ఈ కాపురం చెడింది. కరెంటు కోతలు. ఏసీ ఆగితే గది పొయ్యి మీద పెనంలా అయిపోయేది. మే నెలలోనే రెండు సర్వర్లు కాలిపోయి, వాటి చోట వేరేవి తెచ్చి పెట్టాల్సొచ్చింది. బుకింగ్ మిషన్ పోయిన రోజు కంకిపాడు నుంచి గవర్నర్‌పేట దాకా అన్ని కౌంటర్లలోనూ చేత్తో రసీదులు రాశారు. దాంతో వెంకటకృష్ణారావు గారికి ఒళ్ళు మండి, హైదరాబాదులో సర్వర్ల పని నేర్చిన కీర్తన అనే అమ్మాయిని ఉద్యోగంలో పెట్టుకున్నారు. ఆర్నెల్లు చూసి ఖాయం చేస్తామన్నారు.

ఆ అమ్మాయి గది చుట్టూ ఓసారి తిరిగింది. పదకొండు మిషన్లూ తీసేసి ఒక్క పెట్టె పెడదామంది.

బ్లేడ్ సర్వర్లట. అట్ట పుస్తకాల్లాంటి పల్చటి సర్వర్లు ఆరు, అరలో సర్దినట్టు ఒకే పెట్టెలో నిలబడి ఉంటాయి. అన్నింటికీ కలిపి కరెంటు ఒకటే, ఫ్యాన్లు ఒకటే. పాత పదకొండు మిషన్లూ ఇక విడివిడిగా ఇనప డబ్బాలుగా ఉండవు. ఆ ఆరింటి మీద ప్రోగ్రాముల్లా బతుకుతాయి. వర్చువల్ మిషన్లంటారు వాటిని. పెట్టె లోపలే ఒక స్విచ్చి కూడా ఉంటుంది. బయటికొచ్చే తీగలు రెండంటే రెండే. ఒకటి పోతే రెండోది అందుకుంటుంది.

పెట్టె దిగిన రోజు రాజ్యలక్ష్మి గారు చేతిలో కుంకుమ భరిణెతో నిలబడిపోయారు. "నాది ఏ అరలో ఉందమ్మాయ్?"

"ప్రస్తుతానికి రెండో దాన్లో ఉంటుందండి. అక్కడ బరువెక్కితే దానంతటదే నాలుగో దాన్లోకి పోతుంది" అంది కీర్తన.

"ఇదెక్కడి కాపురమే తల్లీ! పూటకో ఇల్లు మారితే నేను పువ్వు ఎక్కడ పెట్టను?"

అందరూ నవ్వారు. రహమతుల్లా నవ్వలేదు. పదకొండు తీగలు పోయి రెండు తీగలు. ఆ రెండు తీగలు చూసుకోవడానికి ఒక మనిషి ఎందుకు? అతనికి అదే బుర్రలో తిరుగుతోంది. పైగా పెట్టె అమ్మడానికొచ్చిన సేల్సాయన, ఇతను పక్కన ఉండగానే అనేశాడు: "ఇక మీకు తీగల గొడవ ఉండదు సార్. తీగలు చూసే మనిషితో కూడా పని ఉండదు." దానికి వెంకటకృష్ణారావు గారు "చూద్దాంలే" అన్నారు. ఆ ఒక్క మాట రహమతుల్లాకి మూడు వారాలు నిద్ర లేకుండా చేసింది.

వజీరా అతని ముఖం చూసి కనిపెట్టింది. మర్నాడు వన్ టౌన్ బట్టల షాపు వాళ్ళ దగ్గరికెళ్ళి అరవై జాకెట్ల పని ఒప్పుకుని వచ్చింది. దారం రీళ్ళు కూడా కొనేసింది. "ఇన్నెందుకు? నడుం పోతుంది" అన్నాడతను. "ఉండనీండి, ఎందుకైనా మంచిది" అంది. ఆ 'ఎందుకైనా' ఏమిటో ఇద్దరికీ తెలుసు.

ఆ కోపమంతా ఆఫీసులో కీర్తన మీదికి తిరిగింది. పెట్టె లోపలున్న స్విచ్చి ఎవరిదన్నది తగాదా.

"స్విచ్చంటే నెట్‌వర్కు మేడమ్ గారూ. నెట్‌వర్కంటే నేను. దాని పాస్‌వర్డు నాకివ్వండి" అన్నాడు.

"పెట్టెలో ఉన్నది పెట్టె కిందికే వస్తుందండీ. పెట్టె నాది" అంది ఆ అమ్మాయి. అదీ తక్కువది కాదు. "పోనీ గోడ మీద మీ స్విచ్చిని నన్నోసారి చూడనిస్తారా?"

"నా స్విచ్చిలో వేలు పెట్టనిస్తానా? భలేవారే!"

చివరికి కాయితాల మీద కాపురం మొదలైంది. తనకేం కావాలో ఆమె రాసిచ్చేది. అతను చేసి, సంతకం పెట్టి తిరిగిచ్చేవాడు. 'గోడ స్విచ్చిలో చివరి రెండు పోర్టులు పెట్టెకి ఇవ్వాలి. ఆ రెండింట్లోనూ అన్ని డిపార్ట్‌మెంట్లూ పోవాలి' అని రాసింది. చేశాడు. ఆమె రాసిందంతా చేశాడు. రాయనిది కూడా ఒకటి చేశాడు. కావాలని చేసింది కాదు, అలవాటు అలాంటిది.

అయిదేళ్ళ కిందట, పక్క షెడ్డులో ఇంజన్లు బాగుచేసే ఆయన బుకింగ్ గుమాస్తాని మంచి చేసుకుని, గోడ మీంచి ఒక తీగ లాక్కుని వీళ్ళ లైను వాడుకున్నాడు. ఆ దారిన వైరస్ జొరబడి రెండు రోజులు ఆఫీసు పడుకుంది. అప్పుడు రహమతుల్లా గోడ స్విచ్చిలో మూడు లైన్ల కట్టడి ఒకటి రాశాడు. తీగ దిగే ఏ పోర్టులోనైనా మూడు మిషన్ల చిరునామాలకి మించి కనబడకూడదు. నాలుగోది కనబడిందా, ఆ పోర్టు దానంతటదే మూసుకుంటుంది. అయిదు నిమిషాలకి తెరుచుకుని చూస్తుంది. ఇంకా నాలుగు కనబడితే మళ్ళీ మూసుకుంటుంది. వెంకటకృష్ణారావు గారు తెగ మెచ్చుకుని, అందరి ముందూ ఒక చేతి వాచీ బహుమతిగా ఇచ్చారు. అప్పట్నుంచీ ఏ కొత్త పోర్టు తెరిచినా అతని వేళ్ళు ముందుగా ఆ మూడు లైన్లు కొట్టేవి. ఆలోచించడమంటూ ఉండేది కాదు.

మార్పు ఆదివారం పెట్టుకున్నారు. బుకింగు మధ్యాహ్నం మూడింటికి తెరుస్తారు, ఆరింటికి లారీలు కదలాలి. "రెండింటికల్లా పదకొండూ పనిచెయ్యాలి. లేదంటే పాత మిషన్లే తగిలించండి, పెట్టె వెనక్కి పంపించేస్తాను, మళ్ళీ దాని మాటెత్తొద్దు" అని ఓనరు గారు తేల్చి చెప్పారు.

శనివారం రెండు వర్చువల్ మిషన్లు లేపి చూశారు. బ్రహ్మాండంగా నడిచాయి. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కీర్తన పాత మిషన్ల తీగలు ఊడదీసి, పెట్టెలో బుకింగ్ లేపింది. వచ్చింది. అకౌంట్స్ లేపింది. వచ్చింది. గోడౌన్ లేపింది. పెట్టె తీగ మొదటిది చచ్చిపోయింది, రెండోది అందుకుంది, అర నిమిషంలో అదీ పోయింది. కింద ఆఫీసులో అన్ని తెరలూ బిగుసుకుపోయాయి.

కాసేపటికి అన్నీ వాటంతటవే తిరిగొచ్చాయి. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ పోయాయి. గోడౌన్ మిషన్‌లోనే ఏదో తేడా ఉందని దాన్ని ఆపి, దాని బదులు కాటా మిషన్ లేపింది. అదే వరస. జీతాల మిషన్ లేపింది. అదే వరస. రెండు నడుస్తాయి, మూడోది ఏదైనా సరే, మొత్తం పడుకుంటుంది. పది దాటింది, పదకొండు దాటింది. ఆ అమ్మాయి పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

రహమతుల్లా మూల స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. నిజం చెప్పాలంటే మొదట్లో లోలోపల కాస్త సంబరంగానే ఉంది. తీగలు తీసిపారేస్తే ఇలాగే ఉంటుంది మరి, అనుకున్నాడు. పన్నెండున్నరప్పుడు ఊసుపోక వాచీ చూసుకున్నాడు. పెట్టె లైట్లు ఆరాయి. మళ్ళీ వెలిగాయి. వాచీ చూశాడు. అయిదు నిమిషాలు. మళ్ళీ ఆరి, మళ్ళీ వెలిగాయి. అయిదు నిమిషాలు. ఒక సెకను అటూ ఇటూ లేదు.

యా అల్లా, అనుకున్నాడు.

పెట్టెలో ఇప్పటికి లేచింది ఒక్క సర్వరే, దానిది ఒక చిరునామా. దాని మీద వర్చువల్ మిషన్లు రెండైతే మొత్తం మూడు. మూడో మిషన్ లేస్తే నాలుగు. అన్నీ ఒకే తీగలోంచి వస్తున్నాయి. గోడ స్విచ్చి వాటిని చూసి, దొంగ లైననుకుని తలుపేసుకుంటోంది. వేసుకోమని చెప్పింది తనే.

చెబితే అయిపోయేది. ఒక్క వాక్యం. కానీ చెబితే పెట్టె పనిచేస్తుంది. పెట్టె పనిచేస్తే తన పని పోతుంది. ఊరుకుంటే రెండింటికి పాత మిషన్లు తిరిగొస్తాయి, పదకొండు తీగలూ తిరిగొస్తాయి. స్విచ్చిలోకి చూసేవాడు తను తప్ప ఎవరూ లేరు. జన్మలో బయటపడదు. రహమతుల్లా వాచీ మీదికి చొక్కా చెయ్యి లాక్కుని కూర్చున్నాడు.

ఒంటిగంటన్నరకి వెంకటకృష్ణారావు గారు మేడెక్కి వచ్చారు. యార్డు చూసే సంజీవరావు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి, లారీలు వరస కట్టాయి, లోడింగు చీటీలేవీ అని అరిచాడు.

"ఏమ్మా, తేలిందా?" అన్నారాయన.

కీర్తన లేచి నిలబడింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "లేదండి. ఈ పెట్టె ఇంత బరువు మోస్తుందని నేనే చెప్పాను. మొయ్యట్లేదు. తప్పు నాదే. పాతవి తగిలించేస్తానండి."

ఆయన ఓ నిట్టూర్పు విడిచి కుర్చీ లాక్కున్నారు.

ఆ అమ్మాయి కింద కూర్చుని, ఊడదీసిన తీగలు ఒక్కొక్కటే అందుకుని పాత మిషన్లకి పెట్టడం మొదలెట్టింది. "ఎరుపు బుకింగ్. ఆకుపచ్చ అకౌంట్స్. నీలం కాటా. గులాబీ జీతాలు…" కాయితం చూడటం లేదు, ఎవర్నీ అడగటం లేదు. పదకొండు రంగులూ నోటికి వచ్చేసి ఉన్నాయి.

రహమతుల్లా ఉండబట్టలేక అడిగాడు. "నీకు ఈ రంగులెలా తెలుసు?"

"వచ్చిన వారంలోనే నోట్సు రాసుకున్నానండి" అంది, తలెత్తకుండా. "ఈ ఆఫీసులో సరిగ్గా ఉన్నది ఇదొక్కటే. పెట్టెలో నెట్‌వర్కులకి కూడా మీ రంగుల పేర్లే పెట్టాను. రేపు నేను లేకపోయినా మీకు తెలియాలి కదా."

తను అడుగు పెట్టనివ్వలేదని మూడు వారాలుగా తిట్టుకుంటున్న ఆ పెట్టెలో, తన దారాలు మొదట్నుంచీ ఉన్నాయన్నమాట. రహమతుల్లాకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆకుపచ్చ దారం ఉన్న తీగ ఆమె చేతిలో ఉంది.

"ఆగమ్మా. అది పెట్టకు" అన్నాడు. "తప్పు పెట్టెది కాదు. నీదీ కాదు. నాది."

అంతా చెప్పేశాడు. మూడు మిషన్ల కట్టడి, అయిదు నిమిషాల లెక్క, ఈ పోర్టుల్లోనూ అలవాటుకొద్దీ అదే కొట్టడం, అన్నీ.

వెంకటకృష్ణారావు గారు కళ్ళజోడు తీశారు. "ఇప్పుడే తట్టిందా?"

అవునంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "లేదు సార్. గంటయింది."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అతనికేసి చూశారు.

"గంట నుంచి నోరు మూసుకుని కూర్చున్నావా?"

"ఈ పెట్టె నడిస్తే నా పని పోతుంది కదా సార్. ఆ సేల్సాయన అన్నాడు. మీరు చూద్దాంలే అన్నారు."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ!" ఆయన తల పట్టుకున్నారు. "వాణ్ణి వదిలించుకోడానికి అన్నానయ్యా ఆ మాట! రోజూ ఇంట్లో మా ఆవిడతో కూడా అదే అంటా, దానర్థం ఆవిణ్ణి పంపించేస్తాననా? పదకొండేళ్ళ మనిషివి, ఒక్క ముక్క అడగొచ్చుగా!"

రహమతుల్లాకి మూడు వారాలుగా ఛాతీ మీద కూర్చున్నది లేచి బయటికి వెళ్ళిపోయినట్టయింది. నవ్వాలో ఏడవాలో తెలియక స్టూలు పట్టుకుని నిలబడ్డాడు.

కీర్తన మాత్రం చల్లబడలేదు. "గంట! ఉద్యోగం పోయిందనుకుని రాజీనామా ఎలా రాయాలో కూడా ఆలోచించుకున్నాను, తెలుసా మీకు? ముందు ఆ పోర్టులు తెరవండి. తిట్టేది తర్వాత తిడతాను."

అతను స్విచ్చిలోకి వెళ్ళి మూడు లైన్లూ తీసేశాడు. రెండు పోర్టుల లైట్లూ వెలిగాయి. కీర్తన గోడౌన్ లేపింది. నిలబడింది. కాటా, నిలబడింది. జీతాలు, లారీలు, ఒక్కొక్కటే లేస్తుంటే ఓనరు గారు వేళ్ళ మీద లెక్కపెడుతున్నారు. పది వేళ్ళూ అయిపోయాక పదకొండోదానికి రహమతుల్లా తన వేలు చూపించాడు. అప్పుడు టైము రెండుకి ఏడు నిమిషాలు తక్కువ. కింద నుంచి సంజీవరావు ఫోన్ చేసి, "వచ్చిందండీ, చీటీ వచ్చింది!" అని చెవులు చిల్లులు పడేలా అరిచాడు.

"ఇంకో మాట వినండి ఇద్దరూ" అన్నారు వెంకటకృష్ణారావు గారు, మెట్లు దిగబోతూ. "స్విచ్చనేది ఎక్కడున్నా, గోడ మీదున్నా పెట్టెలో ఉన్నా, రహమతు చూసుకుంటాడు. సర్వర్లు అమ్మాయి చూసుకుంటుంది. కానీ ఒకరి పని ఇంకొకరికి కనబడాలి. ఇక కాయితాలు రాసుకోడాలు నా ఆఫీసులో కుదరవు."

కీర్తన నోట్సులోంచి ఒక పేజీ చించి పెట్టె స్విచ్చి పాస్‌వర్డు రాసిచ్చింది. అతను తనది ఆ అమ్మాయి నోట్సులో రాశాడు. సాయంత్రం లారీలు కదిలాక టీ తాగుతూ ఆమె మాట ప్రకారం తిట్టింది కూడా, పది నిమిషాలు, ఎక్కడా ఆగకుండా. అతను తలొంచుకుని విన్నాడు. ఆమె ఆగాక, "ఇంకో టీ చెప్పనా అమ్మా?" అన్నాడు. చెప్పమంది.

ఆఫీసు గేటు దగ్గర నుంచే వజీరాకి ఫోన్ చేశాడు.

"ఏమైందండీ?" అందామె. వెనకాల కుట్టు మిషన్ ఆగింది.

"ఆ జాకెట్లు తిరిగిచ్చెయ్. నా పని ఉంది. ఇదివరకటికంటే ఎక్కువే ఉంది."

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు. "మరి కొన్న దారాలు?"

"అవి నాక్కావాలి. పదకొండు రంగులు ఏరి ఉంచు" అన్నాడు.

శుక్రవారం రాజ్యలక్ష్మి గారు మేడెక్కి వచ్చారు. ఒక చేతిలో కుంకుమ భరిణె, ఇంకో చేతిలో పూలు. పెట్టె ముందు నిలబడి పైకీ కిందికీ చూశారు. "ఇవాళ నాది ఏ అరలో తగలడిందో ఏమో!"

రహమతుల్లా ఆవిణ్ణి పెట్టె వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ రెండే తీగలు, ఒక్కోదానికి ఒక్కో జడ. పదకొండు రంగుల దారాలు కలిపి వజీరా అల్లిన జడ. అతను వేలితో ఆకుపచ్చ పోగు ఎక్కడ పైకి తేలుతోందో వెతికి చూపించాడు.

"ఇదిగోనండీ మీది. ఏ అరలో ఉన్నా, పోయేది ఇందులోంచే."

రాజ్యలక్ష్మి గారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. తర్వాత రెండు మల్లెపూలు తీసి, ఆకుపచ్చ పోగు సందున జాగ్రత్తగా గుచ్చారు. "ఆ గోడౌన్ వాళ్ళ పసుపు కూడా ఇందులోనే ఉందే" అని గొణిగి, కాస్త ఆలోచించి, వాళ్ళకీ ఒకటి పెట్టారు.